ఠ లోపలి చుక్క

మొదటి పలక మీద
కంఠీరవ పాత్రో గారు కంరీరవ పాత్రో అయిపోయారు.

తప్పు మిషనుది కాదు.
నే గీసిన గీత వెంటే వెళ్ళింది అది,
వెంట్రుక మందం వెలుగు,
పన్నెండు వేగం, అరవై పవరు.
ఠ చుట్టూ తిరిగి
బయల్దేరిన చోటికే వచ్చి ఆగేసరికి
అక్షరం కడుపు టప్పున ఊడి
తేనెపట్టు పళ్ళెం మీద పడింది.
ఇక ఠకీ రకీ తేడా ఏముంది,
రెండూ ఒకటే బొక్క.

పర్లాకిమిడిలో కొట్టు పెట్టి నాలుగు నెలలు.
నాన్న గాజులమ్మిన గది.
పొగగొట్టం వెనక సందులోకి పెట్టానని,
ఆరేసిన చీరలన్నీ కట్టెలపొయ్యి కంపని
పక్కింటి కుముదిని రోజూ ఒడియాలో తిడుతుంది.
నేను తెలుగులో సర్దిచెపుతాను.
ఇద్దరికీ ఒక్క ముక్కా తప్పిపోదు.

డాక్టరుగారిది హోమియోపతి.
రోగుల్లో సగం మంది
పాతపట్నం నుంచి ఆటోల్లో వచ్చి దిగుతారు.
"రెండు భాషలూ ఉండాలమ్మా.
ఎనకాల బల్బెడతాను,
రేతిరి నా పేరు ఎలగాల."

మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు.
అంచు చుట్టూ మల్లెతీగ,
ఒక్కో రేకూ మెంతిగింజంత.
తీగ అంత సన్నంగానూ నిలిచింది.
నిలవనివి గుండ్రాలు.
క పక్కన నిండుసున్న,
ఒడియాలో ణ కాళ్ళకింద వేలాడే బుల్లి ఠ,
అదీ సున్నలాంటిదే.
చుట్టూ కోసేశాక
లోపలిది లోపలే ఉంటుందనుకోవడం
నా పిచ్చి.

ట్రేలో రాలినవి ఏరుకున్నాను.
ర లోదీ వ లోదీ వంపుని బట్టి పోల్చాను.
తెలుగు ఠ లోది సులువు,
నడుమ చిల్లున్న పూస.
చివరికి రెండు బిళ్ళలు మిగిలాయి,
ఒకే కొలత, ఒకే మాడిన అంచు.
అరచేతిలో అటూ ఇటూ దొర్లించి చూశాను.
ఏది సున్న కడుపో ఏది ణ కాలికిందదో
చెప్పడం నా వల్ల కాలేదు.

ఎలియాజరు రైకా
గుణుపురం పైన కొండలమీంచి దిగివచ్చి
నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు.
మాస్కింగు టేపు ఒలుస్తూ, తలెత్తకుండా అన్నాడు:
"మా అవ్వ గోడమీద మనుషుల్ని వేస్తే
ఒక్కడూ ఒంటరిగా ఉండడక్కా.
చెయ్యీ చెయ్యీ పట్టుకునుంటారు.
ఎందుకే అనడిగితే
వదిలేస్తే గోడలోంచి జారిపోరా అనేది.
వీటికీ చేతులెట్టు."

పెట్టాను.
అర మిల్లీమీటరు పుల్లలు, గుండ్రానికి రెండేసి.
గీత ఎక్కడెక్కడ ఆగాలో
అర్ధరాత్రి దాకా వెతికాను.
కోత నేర్పినవాళ్ళు
ఆగడం నేర్పలేదు.

రెండో పలక సగంలో కరెంటు పోయింది.
వచ్చాక మిషను తన మొదలు మర్చిపోయి
వెంట్రుకవాసి పక్కకి జరిగింది,
మల్లెతీగకి ఇంకో మల్లెతీగ పుట్టింది.
మూడో పలక.

డాక్టరుగారు కళ్ళద్దాలు నుదుటికెత్తి
ఠ మీద గోరు పెట్టారు.
"ఏటమ్మా ఈ పోగు? కొయ్యడం మర్సిపోనావా?"
"అది తీసేస్తే మీరు కంరీరవండీ."
కాస్సేపు ఆలోచించి నవ్వారు.
డబ్బులు లెక్కపెట్టి ఇచ్చారు,
యాభై తక్కువ.

ఆ రాత్రి కొట్టు మూసి అటువైపే నడిచాం.
బల్బు వెలుగుతోంది.
ఎదురుగా మందులషాపు షట్టరు మీద
ఒకే పేరు రెండుసార్లు
తిరగబడి, పెద్దదై పడింది.
అంత వెలుగులో
పుల్లలొక్కటే నీడలు.
ఓ కుర్రాడు సైకిలాపి
చదవబోయి, ఏ భాషో తేల్చుకోలేక
తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎలియాజరు జేబులోంచి పూస తీశాడు,
మొదటి పలకది.
బనీను అంచున వేలాడే దారం తెంపి గుచ్చుతూ
"మా సవర అక్షరాల్లో నా పేరెప్పుడు కోద్దామక్కా?" అన్నాడు.

వాటిలో గుండ్రాలెన్నో
నాకింకా తెలీదు.